కరిగితే నీళ్లేగా అనుకుంటే

ధ్రువాల దగ్గర మంచు కరుగుతోందని ఎక్కడ రాసినా, రెండో వాక్యంలోనే సముద్రమట్టం ఎన్ని సెంటీమీటర్లు పెరుగుతుందో చెప్పేస్తారు. పక్కనే ఒక మ్యాపు, తీరం వెంబడి నీలంరంగు, ఫలానా నగరం ఫలానా ఏడాదికల్లా మునుగుతుందని ఒక జోస్యం. ఆ లెక్కలు తప్పని నేననను, చాలావరకు జాగ్రత్తగా వేసినవే. నా ఫిర్యాదు వేరు. ఎప్పుడో ఒకనాడు మన మీదికి వచ్చిపడే నీళ్లుగానే మనం ఆ మంచును చూస్తున్నాం. అది మంచుగా ఉన్నంతకాలం ఏం పని చేస్తోందో ఎవరూ అడగరు. నన్నడిగితే, మనం ముందు పోగొట్టుకుంటున్నది ఆ పనిని. నీళ్లు మీదికి రావడం ఆ తర్వాతి సంగతి.

ఈ ఒక్క కొలతనే పట్టుకు కూర్చోవడం వల్ల వాదన కూడా పక్కదారి పడుతోంది. "గ్లాసులో ఐసుముక్క కరిగితే నీళ్లు పొర్లిపోవు కదా, మరి ఆర్కిటిక్ మంచు కరిగితే ఏం కొంపలు మునుగుతాయి?" అని అడిగేవాళ్లు ప్రతి చర్చలోనూ ఒకరుంటారు. వాళ్లను ఎగతాళి చేయడం నాకు నచ్చదు, ఎందుకంటే ఆ మాట వరకు వాళ్లు చెప్పింది నిజం. ఉత్తర ధ్రువం దగ్గర నేల లేదు. ఉన్నది సముద్రం, దాని మీద కొద్ది మీటర్ల మందాన తేలే మంచు. తేలే మంచు తన బరువుకు సరిపడా నీటిని ఎప్పుడో పక్కకు నెట్టేసింది కాబట్టి, అదంతా కరిగినా సముద్రమట్టంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. దక్షిణాన సంగతి వేరు. అక్కడ ఖండం ఉంది, ఖండం మీద సగటున సుమారు 2 కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉంది. గ్రీన్‌లాండ్‌దీ నేల మీది మంచే. అవి పూర్తిగా కరిగితే అంటార్కిటికా వల్ల దాదాపు 58 మీటర్లు, గ్రీన్‌లాండ్ వల్ల 7 మీటర్లకు పైగా సముద్రం లేస్తుంది, దానికి వేల ఏళ్లు పడుతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నేల మీది మంచుతోనే ప్రమాదం, నీటి మీది మంచుతో మనకు పేచీ లేదు అనుకుంటారు. కానీ భూమి మీద అన్నిటికంటే వేగంగా వేడెక్కుతున్న ప్రాంతం, సముద్రాన్ని ఒక్క మిల్లీమీటరు కూడా పెంచని ఆ తేలే మంచు ఉన్న ప్రాంతమే. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటుకంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది.

ఎందుకంటే ఆ మంచు ఎండను వెనక్కి కొడుతుంది. పైన తాజా మంచు పరుచుకున్న పలక తన మీద పడిన ఎండలో 80 నుంచి 90 శాతం తిప్పి పంపేస్తుంది. మంచు తొలగిపోయిన చోట నల్లటి సముద్రం 6 శాతం మాత్రమే తిప్పికొట్టి మిగతాదంతా మింగేస్తుంది. ధ్రువాల దగ్గర ఎండ ఏపాటి ఉంటుందిలే అనుకోవద్దు. జూన్ 21 ప్రాంతంలో అక్కడ సూర్యుడు అస్తమించడు. ఏటవాలుగానే పడినా 24 గంటలూ పడుతుంది కాబట్టి, వాతావరణం పైఅంచున లెక్కేస్తే ఆ రోజుల్లో ఉత్తర ధ్రువానికి రోజు మొత్తంలో చేరే సూర్యశక్తి భూమధ్యరేఖకు చేరేదానికంటే ఎక్కువ. నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

ఒక మంచు పలక వేసవిలో ఎలా పోతుందో దగ్గరగా చూడండి. మే నెలలో దాని మీద పొడిమంచు తెల్లగా ఉంటుంది. జూన్ వచ్చేసరికి పైపొర చెమ్మగిల్లి, గింజలు గింజలుగా మారి, తెలుపు కాస్త మాస్తుంది. మాసిన చోట ఎండ కాస్త ఎక్కువ ఇంకుతుంది. కరిగిన నీళ్లు పల్లంలోకి చేరి లేత నీలం మడుగులు కడతాయి. మడుగు రంగు చుట్టూ ఉన్న మంచుకంటే ముదురు కాబట్టి అక్కడే ఇంకా వేగంగా లోతవుతుంది, చివరికి పలకను తొలుచుకుని కింద ఉన్న సముద్రంలోకి దిగిపోతుంది. ఏళ్ల తరబడి వేసవులు దాటుకొచ్చిన ముదురు మంచు మిట్టపల్లాలతో గరుకుగా ఉంటుంది, నీళ్లు గుంటల్లోనే ఆగుతాయి. ఒక్క చలికాలంలో కట్టిన కొత్త మంచు చదునుగా ఉంటుంది, దాని మీద అవే నీళ్లు వెడల్పుగా పరుచుకుంటాయి. 1980లలో ఆర్కిటిక్ మంచులో సుమారు మూడోవంతు నాలుగేళ్లు దాటిన ముదురు మంచే. ఇప్పుడది 5 శాతం కూడా లేదు. ఉపగ్రహ చిత్రంలో తెల్లగా కనిపిస్తున్నది కూడా వెనకటంత గట్టిది కాదన్నమాట.

విస్తీర్ణం సంగతీ చెప్పుకోవాలి. ఏడాది మొత్తంలో మంచు అతి తక్కువగా ఉండేది సెప్టెంబరులో. ఉపగ్రహాలతో క్రమం తప్పకుండా కొలవడం మొదలైన 1979లో ఆ నెలలో సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు ఉండేది. 2012 సెప్టెంబరులో అది ఒక దశలో 34 లక్షలకు పడిపోయింది. ఆ తర్వాత అంత కిందికి పోలేదు, దాన్ని చూపించి "చూశారా, తగ్గుదల ఆగిపోయింది" అనేవాళ్లున్నారు. 2007 తర్వాత ఏ ఒక్క ఏడాదీ 1980ల స్థాయికి తిరిగి ఎక్కలేదన్నది మాత్రం వాళ్లు చెప్పరు.

మంచు చేసే ఇంకో పని అసలు కంటికి ఆనదు. ఒక గ్రాము మంచు కరగాలంటే 80 కేలరీల వేడి కావాలి. అది కరుగుతున్నంతసేపూ థర్మామీటరు సున్నా దగ్గర్నుంచి కదలదు. అవే 80 కేలరీలు అప్పటికే కరిగి ఉన్న ఒక గ్రాము నీటికి ఇస్తే సున్నా నుంచి 80 డిగ్రీలకు పోతుంది. మంచు ఉన్నన్నాళ్లూ వేసవి వేడి దాన్ని కరిగించడానికే ఖర్చయిపోతుంది, అందుకే ఆర్కిటిక్ నడిమధ్యలో వేసవి ఉష్ణోగ్రతలు ఇన్నేళ్లుగా సున్నాకు కాస్త అటూ ఇటూగానే ఉంటూ వచ్చాయి. ఆ గ్రాఫు పెట్టి "అక్కడేమీ వేడెక్కలేదు" అని వాదించే ఘనులూ ఉన్నారు. గ్లాసు ఉదాహరణ ఇచ్చేవాళ్లను నేను కోరేది ఒక్కటే, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చూడటం మాని అందులో థర్మామీటరు పెట్టండి. ఐసుముక్క ఉన్నంతసేపూ గ్లాసు చల్లగానే ఉంటుంది. ముక్క అయిపోయాక ఏమవుతుందో చూడండి. ఆర్కిటిక్‌లో మంచు పోయిన చోట జరుగుతున్నది అదే. నీళ్లు వేడెక్కి, చలికాలంలో మంచు కట్టడం ఆలస్యమై, కట్టిన మంచు పలచబడి, మరుసటి వేసవికి ఇంకా ముందే పోతోంది.

మంచు అనగానే జీవం లేని చోటు అనుకుంటాం. సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పు మంచులో ఇమడదు. కొంత కిందికి దిగిపోతుంది, కొంత వెంట్రుకల్లాంటి సన్నటి సందుల్లో చిక్కటి ఉప్పునీరుగా మిగిలిపోతుంది. ఆ సందుల్లోనూ పలక అడుగునా డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచు పెరుగుతుంది. పలకను తిరగేస్తే అడుగంతా గోధుమరంగులో కనిపిస్తుంది. నెలల చీకటి తర్వాత, నీళ్లలో ఇంకా ఏ తిండీ పుట్టకముందే దొరికే మేత అది. దక్షిణాన క్రిల్ పిల్లలు ఆ అడుగును గీరుకు తింటూ తొలి చలికాలం గట్టెక్కుతాయి. క్రిల్ అంటే రొయ్యలాంటి జీవి, పెద్దదైనా 6 సెంటీమీటర్లకు అటూ ఇటూ. దక్షిణ సముద్రంలో వాటన్నిటినీ తూచితే కోట్ల టన్నులు. తిమింగలాలు, సీల్‌లు, పెంగ్విన్‌లు వాటి మీదే ఆధారపడ్డాయి. ఉత్తరాన పోలార్ కాడ్ అనే చేప గుడ్లు మంచు కింద తేలుతూ పొదగబడతాయి. ఆ చేపను సీల్ తింటుంది, సీల్‌ను ధ్రువపు ఎలుగుబంటి తింటుంది. పోస్టర్ల మీద మనకు చూపించేది ఆ చివరి జంతువునే. నాకు ఆ బొమ్మంటే కాస్త విసుగు. చూస్తే జాలేస్తుంది, కాదనను, కానీ ఎలుగుబంటి నిలబడ్డ మంచు ముక్క ఎంత చిన్నదో చూసి బాధపడే మనం ఆ ముక్క అడుగున ఏముందో ఎప్పుడూ చూడం.

2022 చివర్లో అంటార్కిటికాను ఆనుకుని ఉన్న బెల్లింగ్స్‌హౌజెన్ సముద్రంలో జరిగింది ఒకటి చెప్పాలి. ఎంపరర్ పెంగ్విన్‌లు తీరాన్ని అంటిపెట్టుకుని కదలకుండా ఉండే సముద్రపు మంచు మీదే గుడ్లు పెట్టి పిల్లల్ని సాకుతాయి. పిల్లలకు మొదట ఉండేది మెత్తటి నూగు, నీళ్లలో పడితే తడిసి ముద్దయిపోతుంది. నీటిని తట్టుకునే ఈకలు డిసెంబరు, జనవరి నాటికి గానీ రావు. ఆ ఏడు మంచు అంతకు ముందే విరిగిపోయింది. ఈ కాలనీలను అంతరిక్షం నుంచి గుర్తుపట్టేది తెల్లటి మంచు మీద గోధుమరంగులో కనిపించే రెట్టల మరకను బట్టి. ఐదు కాలనీల్లో నాలుగు చోట్ల పిల్లలకు ఈకలు వచ్చే వేళకు ముందే ఆ మరకలున్న మంచే చిత్రాల్లోంచి మాయమైపోయింది. ఆ నాలుగు చోట్లా ఆ ఏటి పిల్లలు దాదాపు ఏవీ బతికి ఉండవని శాస్త్రవేత్తలు తేల్చారు. అక్కడ ఆ మంచు కరగడం వల్ల సముద్రమట్టం ఎంత పెరిగిందంటే, సున్నా.

ఇందాక కిందికి దిగిపోయిందన్న ఉప్పుకూ ఒక పనుంది. మంచు కట్టిన చోట దాని కింది నీరు ఇంకా ఉప్పగా, బరువుగా మారి మునుగుతుంది. అంటార్కిటికా చుట్టూ ఇలా మునిగిన చల్లటి నీరు మహాసముద్రాల అట్టడుగున పరుచుకుంటూ ఆక్సిజన్‌ను అంత లోతుకు మోసుకుపోతుంది. ఉత్తర అట్లాంటిక్‌లో కూడా చల్లబడిన ఉప్పునీరు మునుగుతుంది, ఆ ఖాళీలోకి దక్షిణం నుంచి వెచ్చటి నీరు పైపైన ప్రవహిస్తూ వస్తుంది. గ్రీన్‌లాండ్ నుంచి కరిగివచ్చే మంచినీరు ఆ ఉప్పదనాన్ని పలచన చేస్తుంది, మునక బలహీనపడుతుంది. ఇదివరకు ఇలాంటిది జరిగింది కూడా. సుమారు 8,200 ఏళ్ల కిందట ఉత్తర అమెరికాలో కరిగిన మంచుతో ఏర్పడిన అగాసీ అనే పెద్ద సరస్సు గట్టు తెగి సముద్రంలో కలిసింది, ఉత్తర అట్లాంటిక్ చుట్టుపక్కల ఒక శతాబ్దానికి పైగా చలి ముదిరింది. గ్రీన్‌లాండ్ మంచులోకి గొట్టం దించి తీసిన పొరల్లో ఆ చలి గుర్తులున్నాయి. ఇప్పటి ప్రవాహం ఈ శతాబ్దంలో బలహీనపడుతుందన్నదాని మీద శాస్త్రవేత్తల్లో పెద్దగా తగాదా లేదు, పూర్తిగా ఆగిపోతుందా అన్నదాని మీదే ఉంది. సినిమాల్లో మాదిరి వారం తిరిగేలోగా నగరాలు గడ్డకట్టుకుపోవడం మాత్రం జరగదు. అలా చెప్పి భయపెట్టేవాళ్లు అసలు విషయానికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తున్నారు.

ఇక నేల మీది మంచు. అది ఊరికే బరువుగా కూర్చుని ఉంటుంది తప్ప చేసేదేమీ లేదనిపిస్తుంది. ఆ కూర్చోవడంలోనే ఉంది చిత్రం. గ్రీన్‌లాండ్ మంచు ఎంత భారమంటే, తన గురుత్వాకర్షణతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాగి పట్టుకుని ఉంటుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలి నీళ్లు దూరంగా పోతాయి. అందువల్ల గ్రీన్‌లాండ్ కరిగినకొద్దీ దానికి సుమారు 2,000 కిలోమీటర్ల లోపల ఉన్న తీరాల్లో సముద్రం తగ్గుతుంది, దూరాన ఉన్న తీరాల్లో సగటుకంటే ఎక్కువ పెరుగుతుంది. అంటార్కిటికా విషయంలోనూ అంతే, అక్కడ కరిగితే పోటు తగిలేది ఉత్తరార్ధగోళానికి. "ఎక్కడో మంచు కరిగితే మనకేంటి" అనేవాళ్లకు ఇంతకంటే గట్టి జవాబు నాకు దొరకలేదు. మంచు ఎంత దూరాన ఉంటే దాని నీళ్లలో మన వాటా అంత పెరుగుతుంది.

ఈ లాగుడునే తక్కెడగా వాడుకుని మంచును తూచారు. 2002లో ప్రయోగించిన గ్రేస్ జంట ఉపగ్రహాలు సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి తిరిగేవి. ముందున్నది బరువైన మంచు దగ్గరికి రాగానే ఆ లాగుడుకు రవ్వంత ముందుకు పోతుంది, రెండిటి మధ్య ఎడం మారుతుంది. వెంట్రుక మందం కంటే తక్కువ తేడాను కూడా పట్టుకోగల ఆ కొలతతో నెలనెలా ఎంత మంచు తగ్గిందో లెక్కగట్టారు. 2018 నుంచి వాటి తర్వాతి జంట ఆ పని చూస్తోంది. ఈ లెక్కల ప్రకారం గ్రీన్‌లాండ్ ఏడాదికి సగటున సుమారు 27,000 కోట్ల టన్నులు, అంటార్కిటికా సుమారు 15,000 కోట్ల టన్నుల మంచు కోల్పోతూ వచ్చాయి. సుమారు 36,000 కోట్ల టన్నులకు ప్రపంచ సముద్రమట్టం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. పక్కమాట ఒకటి. ధ్రువాల దగ్గరి బరువు భూమధ్యరేఖ వైపు పరుచుకోవడంతో భూమి తిరిగే వేగం కూడా లేశమంత తగ్గుతోంది. వేరే కారణాల వల్ల భూమి కాస్త వేగం పుంజుకోవడంతో ప్రపంచ గడియారాల్లోంచి ఒక సెకను తీసేయాల్సిన అవసరం 2026లో రావలసింది, ఈ కరుగుదల వల్ల 2029కి వాయిదా పడిందని 2024లో ఒక పరిశోధన చెప్పింది.

తేలే మంచు కరిగితే సముద్రం పెరగదన్న మాటకు దక్షిణాన ఒక మెలిక ఉంది. నేల మీది హిమానీనదాలు సముద్రంలోకి చాచుకొచ్చి తేలుతూ ఉండే భాగాన్ని ఐస్ షెల్ఫ్ అంటారు. అది పక్కనున్న కొండలకూ అడుగునున్న దిబ్బలకూ ఆనుకుని, వెనకాల ఉన్న హిమానీనదం జారిపోకుండా అడ్డం నిలబడుతుంది. 2002లో అంటార్కిటికాలోని లార్సెన్-బి అనే షెల్ఫులో 3,250 చదరపు కిలోమీటర్ల భాగం 35 రోజుల్లో ముక్కలుముక్కలైపోయింది. పైన కట్టిన మడుగుల నీరు పగుళ్లలోకి దిగి, తన బరువుతోనే వాటిని అడుగుదాకా చీల్చింది. ఆ అడ్డు తొలగగానే వెనకున్న హిమానీనదాలు కొన్ని నెలల్లోనే అంతకు ముందుకంటే రెండు నుంచి ఆరు రెట్లు వేగంగా జారడం మొదలుపెట్టాయి. షెల్ఫు కరిగిన నీళ్లతో సముద్రం పెరగలేదు. షెల్ఫు చేసే కాపలా పోవడంతో పెరిగింది. ఇప్పుడు అందరి టెన్షన్ పడమటి అంటార్కిటికాలోని థ్వైట్స్ హిమానీనదం గురించి. ఆ ఒక్కదానిలోనే సముద్రాన్ని 65 సెంటీమీటర్లు పెంచేంత మంచుంది. అది ఆనుకున్న నేల సముద్రమట్టానికి కింద ఉంది, లోపలికి పోయేకొద్దీ ఇంకా పల్లం. వెచ్చటి సముద్రపు నీరు అడుగునుంచి దాన్ని కొరుక్కుతింటోంది.

"మంచు ఇంతకు ముందు కరగలేదా, భూమికి ఇదేమైనా కొత్తా?" అన్నది నేను ఎక్కువగా వినే ఇంకో ప్రశ్న. కరిగింది. సుమారు 1,25,000 ఏళ్ల కిందట, పారిశ్రామిక యుగానికి ముందున్న ఉష్ణోగ్రత కంటే అర డిగ్రీ నుంచి ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ ఉన్న రోజుల్లో, సముద్రం ఇప్పటికంటే 5 నుంచి 10 మీటర్లు ఎత్తున ఉండేది. మనం ఇప్పటికే ఒక డిగ్రీ దాటేశాం. ధైర్యం చెప్పడానికని తెచ్చే ఈ ఉదాహరణ నన్ను మిగతా అన్నిటికంటే ఎక్కువ భయపెడుతుంది. "అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు పెరిగింది కదా" అన్నదీ ఒకప్పుడు నిజమే. అక్కడి చలికాలం ముగిసే వేళ, 2014 సెప్టెంబరులో, అది 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటి రికార్డు సృష్టించింది. 2016లో కూలింది. అక్కడి వేసవి ముగిసే వేళ, 2023 ఫిబ్రవరిలో, 18 లక్షల లోపుకు దిగి అప్పటిదాకా ఉన్న కనిష్ఠ రికార్డును బద్దలు కొట్టింది, ఆ ఏడు చలికాలంలో కూడా కోలుకోలేదు.

మంచు పోతే ఓడలకు దారి దగ్గరవుతుంది, అడుగున చమురు తవ్వుకోవచ్చు అని సంబరపడేవాళ్ల గురించి ఎక్కువ రాయను. ఓడల పొగలోని మసి మంచు మీద పడి దాన్ని నల్లబరుస్తుంది, నల్లబడ్డ మంచు ఇంకా త్వరగా కరుగుతుంది. కరిగించిన ఇంధనాన్నే కరిగిన చోట తవ్వుకుంటామనడం ఎంత తెలివో ఎవరికి వారే అనుకోవాలి.

డిర్క్ నోట్జ్, జూలియెన్ స్ట్రోవ్ అనే శాస్త్రవేత్తలు 2016లో ఒక లెక్క తేల్చారు. మనుషులు గాల్లోకి వదిలే ఒక్కో టన్ను కార్బన్ డయాక్సైడుకు ఆర్కిటిక్‌లో సెప్టెంబరు మంచు సుమారు 3 చదరపు మీటర్లు పోతోంది. చదివినప్పుడు గుండె జారిపోయేలా ఉంది గానీ, నాకు ఇందులో ఒక ఆశ కూడా కనిపిస్తుంది. ఇంతకు ఇంత అన్నట్టు పోతోంది కాబట్టి, వదలడం ఆపితే పోవడమూ ఆగుతుంది. వేసవి సముద్రపు మంచుకు తిరిగిరాని గీత అంటూ ఒకటి ఉన్నట్టు కనిపించడం లేదు, వాతావరణం చల్లబడితే కొద్ది ఏళ్లలోనే తిరిగి కడుతుంది. మంచులేని సెప్టెంబరు అంటే 10 లక్షల చదరపు కిలోమీటర్ల కంటే తక్కువ మంచున్న సెప్టెంబరు. పారిశ్రామిక యుగానికి ముందున్నదానికంటే పెరిగిన వేడి 1.5 డిగ్రీల దగ్గర ఆగితే అది సుమారు నూరేళ్లకు ఒకసారి, 2 డిగ్రీలైతే పదేళ్లకు కనీసం ఒకసారి వస్తుందని, వాతావరణ మార్పులను అంచనా వేసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2018లో అంచనా వేసింది. 2050లోపు కనీసం ఒక్కటైనా చూడాల్సి రావచ్చని 2021 నివేదిక చెప్పింది. ఒకటి రావడానికీ, రివాజైపోవడానికీ మధ్య ఉన్న తేడా కోసం కొట్లాడవచ్చు. నేల మీది మంచుకు ఆ వెసులుబాటు లేదు. వేల ఏళ్ల హిమపాతం పొర మీద పొరగా పేరుకుంటే తయారైంది అది. పైగా కరిగినకొద్దీ దాని ఎత్తు తగ్గి, ఉపరితలం ఇంకా వెచ్చటి గాలిలోకి దిగుతుంది.

మంచు మీద సముద్రపు నీళ్లు పంపులతో చిమ్మి మందం పెంచుదామని, థ్వైట్స్ ముందు సముద్రం అడుగున తెరలు కడదామని ఆలోచనలు వస్తున్నాయి. ప్రయోగాలు చేస్తే చేయనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. లక్షల చదరపు కిలోమీటర్ల మీద, ఆ చలిలో, ఏళ్ల తరబడి పంపులు నడపడం పొగ తగ్గించడం కంటే సులువని ఎవరైనా నిజంగా నమ్ముతున్నారంటే మాత్రం నేను నమ్మను.

ముందుచూపుతో చేసిన పనికి ఒక ఉదాహరణ మాత్రం ఆర్కిటిక్‌లోనే ఉంది. నడి ఆర్కిటిక్‌లో ఏ దేశానికీ చెందని 28 లక్షల చదరపు కిలోమీటర్ల నీళ్లలో, మంచు పోయినా వ్యాపారానికి చేపలు పట్టకూడదని 2018లో తొమ్మిది దేశాలూ యూరోపియన్ యూనియనూ సంతకాలు చేశాయి. అప్పటికి అక్కడ చేపల వేట ఇంకా మొదలే కాలేదు. 2021లో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం మొదటి గడువు 16 ఏళ్లు, అంటే 2037 దాకా. చేపల మీద అయితే సంతకాలు కుదిరాయి. ఆ చేపల మీద మంచు ఉంటుందా లేదా అన్నది ఈలోగా ఎన్ని టన్నులు గాల్లోకి వదులుతామన్నదాని మీద ఉంది, టన్నుకు 3 చదరపు మీటర్ల చొప్పున.